పరీక్షలకును పరీక్ష కావలెను

విద్యార్థులకు పరీక్ష యనగానే ప్రశ్నపత్రములును, గంటమ్రోతయు, ఫలితముల జాబితాయు జ్ఞప్తికి వచ్చును. ఆసుపత్రులయందును పరీక్షలు కలవు. అచ్చట ప్రశ్న యొక్కటియే: ఈ మనుష్యునికి ఈ రోగము కలదా, లేదా? ప్రయోగశాలనుండి వచ్చు చిన్న చీటిపై ‘పాజిటివ్’ అనియో ‘నెగెటివ్’ అనియో యొక మాట యుండును. ఆ మాటనుబట్టి యొకడు నెలలతరబడి మందు తినును. వేరొకడు నిశ్చింతగా నింటికి పోవును. కాని ఆ మాట చెప్పిన పరీక్షను ముందుగా నెవరు పరీక్షించిరి? ఎట్లు పరీక్షించిరి? దానికెన్ని మార్కులు వచ్చెను? ఈ ప్రశ్నల నడుగువారు మనలో మిక్కిలి తక్కువ. క్షయరోగ పరీక్షలను ఉదాహరణముగా గైకొని వీనికి సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విషయమును మేము మొదట గ్రంథములవలన గాక యొక విద్యార్థివలన నేర్చుకొంటిమి. 2010వ సంవత్సరమున మేము వేరొక ఊరి పాఠశాలలో బోధించుచుంటిమి. అచ్చటి హాస్టలునందలి తొమ్మిదవ తరగతి బాలుని మూడు వారములు దగ్గు విడువలేదు. తండ్రి వచ్చి బాలుని పట్టణమునకు గొనిపోయి యొక ప్రయోగశాలలో రక్తపరీక్ష చేయించెను. క్షయ యున్నట్లు చీటి వచ్చెను. అంతట హాస్టలంతయు కలవరపడెను. బాలుని పళ్లెమును, గ్లాసును వేరుగా నుంచిరి. ప్రక్కమంచముల బాలురు తమ మంచములను దూరముగా జరుపుకొనిరి. బాలుని ఇంటికి పంపవలెనని వ్రాసిన కాగితముపై సంతకము చేసినవారిలో మేమును ఒకరము. తండ్రి పాడిగేదెను అమ్మి మందులు కొనెను. మూడు వారములు గడచుసరికి బాలుడు తిన్న యన్నము నిలువక వాంతులు చేసికొనుచు, కన్నులు పచ్చబడి, మిషను ఆసుపత్రికి చేరెను. అచ్చటి వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, “కఫము పరీక్ష చేయించితిరా?” యని. ఎవరును చేయించియుండలేదు. మొదటి దినమున తీసిన ఎక్సురే పటమును వెలుగునకు పట్టి చూడగా ఊపిరితిత్తులు నిర్మలముగా నుండెను. తుదకు ఆ దగ్గు ఉబ్బసమని తేలెను. క్షయకిచ్చిన మందులు మాన్పి ఉబ్బసమునకు మందియ్యగా దగ్గు నిలిచెను. కాని బాలునికి ఆ యేడు చదువు పోయెను. తండ్రికి గేదె పోయెను.

ఇచ్చట తప్పిదము ఎవరిది? రక్తము తీసినవాడు సరిగనే తీసెను. చీటి వ్రాసినవాడు కనబడినదే వ్రాసెను. తప్పు ఆ పరీక్షయందే యుండెను. అది యెట్లో తెలిసికొనుటకు ముందు, క్షయను కనుగొనుటకు గల మార్గములను కొంచెము చూతము.

1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్ట్ కాక్ అను జర్మను వైద్యుడు క్షయకు కారణమైన క్రిమిని తాను కనుగొంటినని ప్రకటించెను. ఆ దినమునే నేడు ప్రపంచ క్షయదినముగా పాటించుచున్నారు. ఈ క్రిమికి మైనమువంటి పైపొర యుండుటచే సామాన్యమైన రంగులు దానికి సులభముగా అంటవు. కావున జీల్, నీల్సన్ అను జర్మను శాస్త్రజ్ఞుల పేర పిలువబడు నొక పద్ధతి ఏర్పడెను. కఫమును గాజుపలకపై పలుచగా పూసి, ఎఱ్ఱని రంగు పోసి, క్రిందనుండి వేడిచేసి, పిమ్మట ఆమ్లముతో కడుగుదురు. తక్కినవాని రంగు పోవును గాని క్షయక్రిమికి పట్టిన రంగు పోదు. తరువాత నీలిరంగు పూసి సూక్ష్మదర్శినిలో చూచినయెడల, నీలిభూమిపై ఎఱ్ఱని సన్నని పుల్లలవలె క్రిములు కానవచ్చును. ఖర్చు స్వల్పము, ఫలితము నాడే తెలియును. అందుచే నూరేండ్లకు పైగా ఇది పేదదేశముల ఆసుపత్రులకు ఊతకోలయై యున్నది. అయితే ఒక మిల్లీలీటరు కఫమునందు ఇంచుమించు ఐదువేలు మొదలు పదివేల క్రిములు ఉన్ననే గాని ఈ పద్ధతిచే వానిని చూచుట కష్టము. రోగము మొదటి దశయందున్నవారు, కఫము ఉమ్మివేయలేని పసిబిడ్డలు, హెచ్.ఐ.వి. సోకినవారు దీనికి చిక్కకపోవుట తరచుగా జరుగును.

రెండవ మార్గము పెంపకము. కోడిగ్రుడ్లు కలిపి గాజుగొట్టములందు సిద్ధపరచిన ఆహారముపై కఫమును విత్తి, మన శరీరమునకుండు వెచ్చదనముననే యుంచుదురు. మిల్లీలీటరునకు పదులసంఖ్యలో క్రిములున్నను మొలకెత్తి కంటికి కనబడును. అయితే ఈ క్రిమి మిక్కిలి మందగతి గలది. మూడు మొదలు ఎనిమిది వారములవరకు కాచుకొనవలెను. అంతవరకు రోగి ఏమి చేయవలెను? మొదటి పద్ధతి వేగము గలది గాని కొందరిని విడుచును. రెండవది నమ్మదగినది గాని ఆలస్యము చేయును. ఏది మేలు? ఊరక ‘మేలు’ అనిన చాలదు; దేనియందు మేలు, ఎంత మేలు అని కొలిచి చెప్పవలెను.

పరీక్ష తప్పుటకు రెండు త్రోవలు కలవు. రోగమున్నవానిని లేదనుట యొకటి. లేనివానిని కలదనుట రెండవది. మొదటి తప్పువలన రోగి మందు లేక క్షీణించుటయే గాక, ఇంటిలోనివారికిని రోగమును పంచిపెట్టును. రెండవ తప్పువలన ఏమగునో మా విద్యార్థి కథయే తెలుపుచున్నది. చేపలు పట్టువాని వలను తలంచుడి. వలకన్నులు పెద్దవైనచో చేపలు జారిపోవును. మరీ చిన్నవైనచో నాచును, చెత్తయు కూడ వచ్చి పడును. అట్లే ప్రతి పరీక్షకును రెండు గుణములను వేర్వేరుగా కొలువవలెను. నిజముగా రోగమున్న నూరుగురిలో ఎందరిని పట్టుకొనునో అది దాని పట్టుశక్తి. దీనినే వైద్యులు సెన్సిటివిటీ యందురు. నిజముగా రోగము లేని నూరుగురిలో ఎందరిని రోగము లేదని సరిగా విడిచిపెట్టునో అది దాని విడుపుశక్తి. దీనిని స్పెసిఫిసిటీ యందురు. ఈ రెండు మాటలను 1947వ సంవత్సరమున జేకబ్ యెరుషాల్మి అను గణితశాస్త్రజ్ఞుడు, ఎక్సురే పటములతో క్షయను కనుగొను విషయమై వ్రాసిన వ్యాసమునందు ప్రయోగించెను. ఒకే పటమును ఇద్దరు వైద్యులు చదివినపుడు భిన్నాభిప్రాయములు వచ్చుటయే గాక, ఒకే వైద్యుడు అదే పటమును మరల చూచి వేరొక మాట చెప్పుటయు ఆ కాలపు పరిశోధనలలో వెల్లడియయ్యెను. అనగా చూచు కన్నును గూడ పరీక్షింపవలసినదే.

ఇక ఒక క్రొత్త పరీక్షకు న్యాయముగా మార్కులు వేయుట యెట్లు? దీనికి కొన్ని నియమములు కలవు. ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఇవి పరిచితములవలెనే తోచును.

మొదటిది, సరియైన కొలబద్ద యుండవలెను. అంగడివాని తూకపురాళ్లను తనిఖీ చేయు అధికారి తన వెంట సరియైన రాళ్లను తెచ్చుకొనును గదా. క్షయ విషయమున అట్టి సరిరాయి పెంపకము. క్రొత్త పరీక్ష చెప్పినదానిని పెంపకము చెప్పినదానితో సరిచూడవలెను.

రెండవది, పరీక్షకు తగినవారిని ఎన్నుకొనవలెను. రక్తము కక్కుచు మంచమున పడియున్నవారిని ఒక వైపునను, కండబలము గల ఆరోగ్యవంతులను మరియొక వైపునను నిలిపి వేరుచేయుమనిన, ఏ పరీక్షయైనను గొప్ప మార్కులు తెచ్చుకొనును. తరగతిలో మొదటివానిని, కడపటివానిని గుర్తించుట సులభము. నడిమివారి తారతమ్యము తెలియుటయే కష్టము. కావున దగ్గుతో ఆసుపత్రికి వచ్చి, రోగము కలదో లేదో తెలియనివారినందరిని వరుసగా తీసికొనవలెను.

మూడవది, చదువువానికి జవాబు ముందుగా తెలియరాదు. పబ్లిక్ పరీక్షలలో జవాబుపత్రముపై పేరుండదు. సంఖ్య మాత్రమే యుండును. ఏలయనగా, పేరు తెలిసినచో దిద్దువాని కలము తనకు తెలియకయే ఒక ప్రక్కకు మొగ్గును. అట్లే గాజుపలకను చూచువానికి రోగి సంగతి గాని పెంపకపు ఫలితము గాని తెలియరాదు.

నాలుగవది, ఎవరిని లెక్కనుండి తీసివేయరాదు. ఉత్తీర్ణులను మాత్రమే లెక్కించి నూటికి నూరు ఫలితములని ప్రకటించు పాఠశాలను ఎవరు నమ్ముదురు? ఫలితము తేలని నమూనాలను, పాడైన నమూనాలను గూడ లెక్క చెప్పవలెను.

ఈ నియమముల ప్రకారము జరిగిన ఒక పరీక్షను జూతము. క్రిమియొక్క జన్యుద్రవ్యమును యంత్రములో అనేక లక్షల రెట్లుగా వృద్ధిచేసి కనుగొను ఎక్స్‌పర్ట్ అను క్రొత్త పద్ధతిని పెరు, అజర్‌బైజాను, దక్షిణాఫ్రికా, భారతదేశములలోని ఆసుపత్రులందు పరీక్షించి 2010వ సంవత్సరమున ఫలితములు ప్రకటించిరి. మన దేశమునుండి బొంబాయి నగరము అందు పాల్గొనెను. క్షయ యున్నదని యనుమానింపబడిన 1,730 మందిని చేర్చుకొనిరి. పెంపకముచే క్షయ నిశ్చయమైనవారిలో సూక్ష్మదర్శినికి చిక్కినవారు 561 మంది; వారిలో 551 మందిని క్రొత్త యంత్రము ఒక్క పరీక్షతోనే పట్టెను. సూక్ష్మదర్శినికి చిక్కనివారు 171 మంది. వారిలో 124 మందిని పట్టెను. క్షయ లేని 609 మందిలో 604 మందిని సరిగా విడిచెను. ఫలితము రెండు గంటలలోపల తెలియుటయే గాక, రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందునకు ఆ క్రిమి లొంగునో లేదో కూడ అదే సమయమున తెలిసెను. ఆ సంవత్సరము డిసెంబరు నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ఆమోదించెను. చదువరులు ఒకటి గమనింపవలెను. ఇంత గొప్ప పరీక్షయు, సూక్ష్మదర్శినికి చిక్కని 171 మందిలో 47 మందిని విడిచిపెట్టినది. ‘నెగెటివ్’ అనిన మాటకు ‘రోగము లేదు’ అని కాక ‘ఈ పరీక్షకు కనబడలేదు’ అని అర్థము చెప్పుకొనుట యెల్లప్పుడు క్షేమకరము.

ఇప్పుడు మా విద్యార్థికి చేసిన రక్తపరీక్షకు వత్తము. అది రక్తమునందు క్షయక్రిమికి ఎదురుగా పుట్టిన ప్రతిరక్షకములను వెదకు పరీక్ష. ఆలోచన చక్కనిదే, మరి లోపమెచ్చట? లోకమునందలి జనులలో ఇంచుమించు నాలుగవవంతు మందికి ఎప్పుడో యొకప్పుడు క్షయక్రిమి సోకియుండునని అంచనా. సోకినవారిలో నూటికి ఐదు మొదలు పదిమందికి మాత్రమే జీవితకాలమున వ్యాధి పొడసూపును. క్రిమి సోకుట వేరు. వ్యాధి కలుగుట వేరు. ఇంట దొంగ యొకనాడు తొంగిచూచుటకును, ఇల్లు దోచుటకును ఎంత భేదమో వీనికి నంత భేదము. ప్రతిరక్షకములు ఈ భేదమును నమ్మకముగా చెప్పజాలవు. కొందరు నిజమైన రోగులలో అవి కనబడనే కనబడవు. ఇట్టి పరీక్షలను గూర్చిన 94 పరిశోధనలను విమర్శించి, 2011వ సంవత్సరము జూలై నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, క్షయవ్యాధి నిర్ణయమునకు వీనిని వాడవలదని ఖండితముగా చెప్పెను. అప్పటికి ఏటేట పది లక్షలకు పైగా ఇట్టి పరీక్షలు జరుగుచుండెను. వీనిలో పెక్కు యూరపు, ఉత్తర అమెరికా ఖండములలో తయారైనవి. 2012వ సంవత్సరము జూన్ నెలలో భారత ప్రభుత్వము వీని తయారీని, దిగుమతిని, అమ్మకమును నిషేధించెను. మా విద్యార్థికి ఆ నిషేధము రెండేండ్లు ఆలస్యమయ్యెను.

పట్టుశక్తి, విడుపుశక్తి తెలిసిన మాత్రమున చీటి అర్థము పూర్తిగా తెలిసినట్లు కాదు. ఈ సంగతికి మూలమైన లెక్కను కనుగొన్నవాడు గణితాచార్యుడు గాక, థామస్ బేయస్ అను నొక ఇంగ్లండు దేశపు క్రైస్తవ సంఘకాపరి. ఆయన 1761వ సంవత్సరమున మరణించిన పిమ్మట, రిచర్డ్ ప్రైస్ అను మరియొక సంఘకాపరి ఆయన కాగితములలో దీనిని కనుగొని ప్రకటనకు పంపెను. 1763వ సంవత్సరపు సంచికలో అది వెలువడెను. పై తరగతుల విద్యార్థులు కలము తీసికొని మాతో కూడ లెక్క వేయవలెను. అంకెలు లెక్కకొరకు మేము ఊహించినవి.

ఒక పరీక్షకు పట్టుశక్తి నూటికి 90, విడుపుశక్తి నూటికి 95 అనుకొందము. ఆసుపత్రికి దగ్గుతో వచ్చిన 2,000 మందిలో 400 మందికి నిజముగా క్షయ కలదు. పరీక్ష వారిలో 360 మందిని పట్టును. తక్కిన 1,600 మందిలో నూటికి ఐదుగురు చొప్పున 80 మందిని పొరపాటున రోగులనును. మొత్తము 440 ‘పాజిటివ్’ చీట్లలో 360 నిజము. అనగా నూటికి సుమారు 82. ఇప్పుడు అదే పరీక్షను, అదే మనుష్యుడు, అంతే శ్రద్ధతో ఒక గ్రామమునందలి 2,000 మందికి, దగ్గు ఉన్నవారికిని లేనివారికిని, చేసెననుకొందము. అందు 20 మందికి మాత్రమే క్షయ కలదు. వారిలో 18 మందిని పట్టును. రోగము లేని 1,980 మందిలో 99 మందిని పొరపాటున రోగులనును. మొత్తము 117 చీట్లలో నిజమైనవి 18. అనగా నూటికి 15 మాత్రమే! పరీక్ష మారలేదు, పరీక్షింపబడినవారు మారిరి. అంతమాత్రముననే చీటి విలువ 82 నుండి 15కు పడిపోయెను.

ఇందువలన గ్రామములలో రోగులను వెదకుట మానవలెనని అర్థము కాదు. ఒక్క చీటితో తీర్పు చెప్పరాదని అర్థము. ఈ జాగ్రత్తకు మన తెలుగు సీమయందే మంచి యుదాహరణము కలదు. మదనపల్లె సమీపమునందలి ఆరోగ్యవరమున అనేక మిషనులు ఏకమై స్థాపించిన క్షయ వైద్యశాల 1915 మొదలు రోగులను ఆదరించెను. డెన్మార్కు దేశపు మిషనరీ వైద్యుడు ఫ్రిమోడ్ట్ మొల్లర్ దాని తొలి అధిపతి. అచ్చటి వైద్యులు 1950 మొదలు 1955 వరకు మదనపల్లె పట్టణమునందును చుట్టుపట్ల గ్రామములందును తిరిగి జనులను పరీక్షించిరి. ఎక్సురేలో నీడ కనబడినంత మాత్రమున రోగియని ముద్రవేయక, కఫమునందు క్రిములను గూడ వెదకిరి. మొదటి వడపోతలో దిగినవారిని రెండవ మారు వడపోయుట. ఇదియే బేయస్ లెక్క నేర్పు పాఠము.

ఇంకొక సంగతి. ప్రయోగశాలలో మొదటి తరగతి మార్కులు వచ్చిన పరీక్ష పల్లెటూరి ఆసుపత్రిలో తప్పవచ్చును. యంత్రమునకు నిలుకడగల కరెంటు కావలెను, గది మరీ వేడెక్కరాదు, మరమ్మతు చేయువాడుండవలెను. ఈ చిక్కు తీర్చుటకే గోవాలోని యొక సంస్థవారు బ్యాటరీపై పనిచేయు ట్రూనాట్ అను యంత్రమును సిద్ధపరచిరి. 2020వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ఆమోదించెను. మరియు ఒక పనికి మంచిదైన పరీక్ష వేరొక పనికి మంచిది కాకపోవచ్చును. జన్యుద్రవ్యమును వెదకు యంత్రము చచ్చిన క్రిమిని గూడ చూపును. కావున మందు తినుచున్న రోగికి గుణమగుచున్నదా యని తెలిసికొనుటకు నేటికిని సూక్ష్మదర్శినియు, పెంపకమునే ఆశ్రయింతురు. వీనియన్నిటికంటె ముఖ్యమైనది, ఫలితము రోగి చేతికి చేరుట. రెండు గంటలలో తేలిన ఫలితము రెండు వారములు బల్లమీద పడియున్నచో ఆ వేగమువలన ప్రయోజన మేమి?

తలిదండ్రులకు మా మనవి యిది. రెండు వారములకు మించి దగ్గున్నయెడల దాచక ప్రభుత్వ వైద్యశాలకు పోయి కఫము పరీక్ష చేయించుడి. అచ్చట పరీక్షయు, మందులును ఉచితము. చీటి చేతికి వచ్చినపుడు సిగ్గుపడక వైద్యుని అడుగుడి: ఈ పరీక్ష దేనిని వెదకును? సోకుటనా, వ్యాధినా? ఇది ఎంతవరకు తప్పవచ్చును? దీనిని నిశ్చయపరచుటకు వేరొక పరీక్ష కలదా? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపగింపడు. అట్లని వైద్యుడు నిశ్చయించి యిచ్చిన మందును అనుమానముచే మీయంతట మీరు మానవలదు. అదియు గొప్ప ప్రమాదమే.

విద్యార్థులారా, సమస్తమును పరీక్షింపవలెనని అపొస్తలుడైన పౌలు థెస్సలొనీకయులకిచ్చిన హితవును మీరు ఆదివారపు బడిలో నేర్చుకొంటిరి. పరీక్షించుట యనగా అన్నిటిని అనుమానించుట కాదు. దేనిని ఎంతవరకు నమ్మవచ్చునో ఓపికతో కొలుచుట. మీలో కొందరు రేపు ప్రయోగశాలలలో గాజుపలకలు చూచువారగుదురు. కొందరు చీట్లు చదువువారగుదురు. అందరును ఎప్పుడో యొకప్పుడు చీటికొరకు వరండాలో కాచుకొని యుండువారే.

మా విద్యార్థి మరుసటి సంవత్సరము తిరిగి వచ్చి, తనకంటె చిన్నవారితో కలిసి తొమ్మిదవ తరగతిలో కూర్చుండెను. మొదటి దినమున హాజరు పిలుచుచు అతని పేరు వచ్చినపుడు మా కంఠము తడబడెను. అతడు మాత్రము లేచి నిలిచి, అందరివలెనే స్పష్టముగా “హాజరు, అయ్యవారూ” అనెను. నాడు మేము సంతకము చేసిన కాగితము కంటె ముందుగా ఒక్క ప్రశ్న అడిగియుండినచో ఆ బాలునికి ఒక సంవత్సరము మిగిలియుండెడిది. ఆ ప్రశ్నను మీరైనను మరువకుండుటకే ఇదంతయు వ్రాసితిమి.